గ్రాఫిక్స్ కార్డు: ఆటయు, ఆర్జనయు

హైదరాబాదు నగరమున మూసీనదికి దక్షిణముగా మలక్‌పేట యను పేట కలదు. మీలో పెక్కుమంది దాని నెఱిగినవారే. ఉల్లిగడ్డల బస్తాలను, ఎండుమిరప బస్తాలను లారీలమీద వేసికొని వచ్చి, అచ్చటి గంజిలో తూకము వేయించి, అడ్తిదారుతో బేరము తేల్చుకొని, తక్‌పట్టీ చేతబట్టుకొని యింటికి మరలినవారు మీలో నుందురు. ఆ పేటలోనే గుఱ్ఱపు పందెముల మైదానమును కలదు. మౌలాలీ యందు జరుగుచుండిన పందెములను 1886లో, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, ఇచ్చటికి మార్చిరి.

గంజిలో అమ్మువాడు తన చెమటకు వెల పుచ్చుకొనును. మైదానములో పందెము కట్టువాడు పరుల గుఱ్ఱము పరుగునకు తన సొమ్ము నప్పగించును. ఈ రెండు త్రోవలును ఒక్క పేటలోనే యున్నను, గంజికి పోవువాడు మైదానమునకు పోవుచున్నానని భ్రమపడడు. మైదానమునకు పోవువాడు గంజికి పోవుచున్నానని చెప్పుకొనడు. కాని నేడు నేను చెప్పబోవు వస్తువు విషయమున అట్టి భ్రమయే కలుగుచున్నది.

ఆ వస్తువు పేరు గ్రాఫిక్స్ కార్డు. పట్నమునకు చదువుకై వచ్చిన మనుమడు పండుగకు ఇంటికి వచ్చి మీ ప్రక్కన గూర్చుండి ఇట్లనును: “తాతా, ఒక్క కార్డు కొనియ్యి. పగటిపూట చదువుకుంటా, సాయంత్రం ఆడుకుంటా, రాత్రంతా అదే పైసలు సంపాదిస్తది. ఏడాదిల నీ పైసలు నీకు తిరిగొస్తయి.”

మంచి కార్డు వెల ఒక పాడిగేదె వెలకు తీసిపోదు. గేదెను కొనునపుడు పన్ను చూతుము, పొదుగు చూతుము, రెండుపూటలు పాలు పిదికించి చూతుము. ఈ కార్డును చూచుట యెట్లో మనకు తెలియదు. తెలియని దానియందు పిల్లవాడు చెప్పినదే ప్రమాణమగును. కావున ఈ కార్డు ఏమి పని చేయును, డబ్బు ఏ విధమున పుట్టించునందురు, నేడు ఆ మాట ఎంతవరకు నిజము, కొనవలసివచ్చిన దేనిని చూచి కొనవలెను, అను నాలుగు సంగతులను ఈ ప్రసంగములో మనవి చేసెదను.

కంప్యూటరులో లెక్కలు కట్టు ముఖ్యమైన భాగమొకటి కలదు. అది మంచి గుమాస్తా వంటిది. ఎంత చిక్కులెక్క నిచ్చినను చేయును. కాని ఒకదాని తరువాత నొకటిగా చేయును. గ్రాఫిక్స్ కార్డు గుమాస్తా కాదు. అది నాట్లు వేయు కూలీల గుంపు. ఒక్కొక్కరికి తెలిసిన పని స్వల్పము. కాని గట్టునుండి గట్టువరకు వరుసగా నిలిచి ఒక్కమారుగా వంగినచో ఎకరము పొలము మధ్యాహ్నమునకే పచ్చనగును. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 3060 అను కార్డులో ఇట్టి చిన్న లెక్కరులు 3,584 మంది యుందురు.

ఇంతమంది యెందుకు? కంప్యూటరు తెర యనునది చుక్కలతో వేసిన ముగ్గు. సామాన్యమైన తెరమీద అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చొప్పున ఇరువది లక్షలకు పైగా చుక్కలు కలవు. ఆటలో మనుష్యుడు పరుగెత్తుచున్నట్లు కనబడవలెనన్న సెకనుకు 60 మారులు ఆ ముగ్గంతయు చెరిపి మరల వేయవలెను. అనగా సెకనుకు పండ్రెండుకోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. గుమాస్తా యొక్కడు చేయగల పని కాదిది. అందుకే కూలీల గుంపు పుట్టినది. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 అను కార్డును తెచ్చి, దీనికి ‘జీపీయూ’ అని పేరు పెట్టి అమ్మెను. ఈ రంగమున దానికి పోటీయైనది ఏఎండీ సంస్థ. 2006లో ఏటీఐ అను కంపెనీని కొని, రేడియాన్ అను పేర కార్డులను చేయుచున్నది. ఈ రెండు సంస్థలకును మన హైదరాబాదులో కార్యాలయములు కలవు. మన పిల్లలనేకు లందు పనిచేయుచున్నారు.

ఇంత వరకు ఆట. ఇక ఆర్జన సంగతి.

పూర్వము ఊరిలో భూముల లెక్కలు పట్వారీ దస్తరములో నుండెడివి. దస్తర మొక్కటియే, పట్వారీ వ్రాసినదే వేదము. అతడు గీత మార్చిన చేను మారెను. 2008 అక్టోబరులో సతోషీ నకమోటో అను పేరు పెట్టుకొన్నవారెవరో ఒక వ్యాసము ప్రకటించిరి. పట్వారీ లేని దస్తరము నెట్లు నడుపవచ్చునో అందు చెప్పిరి. 2009 జనవరి 3వ తేదీన ఆ దస్తరము మొదలైనది. దానిలో లెక్కింపబడు నాణెమే బిట్‌కాయిను. ఆ దస్తరపు ప్రతులు లోకమంతట వేలకొలది కంప్యూటర్లలో నుండును. ఎవరెవరికి ఎంత యిచ్చినదియు పుటలు పుటలుగా చేరుచుండును. ఇంచుమించు పది నిమిషముల కొక పుట మూయబడును.

పుటను మూసి ముద్ర వేయుటకు ఒక సంఖ్య కావలెను. ఆ సంఖ్యను బుద్ధిబలముచేత కనుగొన వీలులేదు. పెద్ద తాళపుచెవుల గుత్తిలో ఏది పట్టునో తెలియక ఒక్కొక్కదానినే త్రిప్పి చూచినట్లు, సంఖ్య తరువాత సంఖ్య వేసి చూడవలసినదే. ఎవరి యంత్రమునకు ఆ సంఖ్య ముందు దొరకునో వారికి క్రొత్త నాణెములు బహుమానముగా వచ్చును. అందుచే దీనికి మైనింగు, అనగా గని త్రవ్వుట, అను పేరు కలిగినది. బహుమానము మొదట పుటకు 50 నాణెములు. ఇంచుమించు నాలుగేండ్ల కొకమారు సగమగుచు, 2024 ఏప్రిలు నుండి మూడు నాణెములకు కొంచెము పైగా మాత్రమే యున్నది. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించరాదని నియమము.

తాళపుచెవులు త్రిప్పుటకు గుమాస్తాకన్న కూలీల గుంపు మేలు గదా. కావున 2010 మొదలుకొని జనులు ఆటల కార్డులను ఈ పనికి దింపిరి. కాని 2013 నుండి ఆ పనికొఱకే ప్రత్యేకముగా నిర్మించిన యంత్రములు వచ్చినవి. అవి ఆట లాడలేవు, బొమ్మలు చూపలేవు. సంఖ్యలు వేయుట తప్ప వేఱొక్కటి యెఱుగవు. వాని ముందర గ్రాఫిక్స్ కార్డు ట్రాక్టరు ముందర పారవలె నైపోయినది. కావున కార్డుతో బిట్‌కాయిను త్రవ్వుదునని యెవరైన నన్నచో ఆ మాట అప్పటికే కాలము చెల్లినదని తెలియుడు.

మఱి యీ పిల్లలు చెప్పు లాభముల కథ లెక్కడివి? అవి యీథీరియము అను మఱియొక దస్తరమునకు సంబంధించినవి. అది 2015 జూలై 30న మొదలైనది. దాని నాణెము పేరు ఈథరు. ప్రత్యేక యంత్రములే రాజ్యమేలకుండునట్లు, సంఖ్యను వెదకుటకు హెచ్చు జ్ఞాపకశక్తి కావలసిన విధముగా దానిని నిర్మించిరి. జ్ఞాపకశక్తి విస్తారముగా గలది గ్రాఫిక్స్ కార్డు. అందుచే ఏడేండ్లపాటు సామాన్యుల గదులలో కార్డులు రాత్రింబవళ్లు తిరిగినవి. కొందరు నిజముగానే సంపాదించిరి. ఆ మాట కాదనను. 2021లో ఈథరు వెల పెరిగినకొలది అంగళ్లలో కార్డులు దొరకక, వ్రాసియున్న వెలకు రెట్టింపు పెట్టి కొన్నవారును కలరు.

తరువాత 2022 సెప్టెంబరు 15వ తేదీన ఈథీరియము ఆ పద్ధతినే మానివేసెను. ఇప్పుడు అందు పుట మూయు హక్కు సంఖ్య వెదకినవారికి గాక, తమ ఈథరును తాకట్టుగా నుంచినవారికి వచ్చును. దాని విద్యుత్తు వ్యయము నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు పైగా తగ్గెను. ఒక్క దినముతో గని మూతపడినది. కూలీలందరును ఈథీరియము క్లాసిక్, రేవన్‌కాయిను మొదలగు చిన్న గనులకు పరుగెత్తిరి. చిన్న బావిమీద నూరు మోటలు పడినచో ఎవరి పొలము తడియును? మనిషి కొక్క చుక్క. ఇంటి విద్యుత్తు వెలకు ఆ చుక్క సాధారణముగా చాలదు.

ఇందు నా స్వానుభవ మొకటి దాచక చెప్పవలెను. మా అక్కగారి యిల్లు మలక్‌పేటలో కలదు. ఆమె కుమారుడు, నా మేనల్లుడు, 2022 సంక్రాంతికి నన్నడుగ, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ అను కార్డునకు 62,000 రూపాయలు నేనే యిచ్చితిని. అక్క వద్దన్నది. నేను “చదువుకొన్న పిల్లవాడు, లెక్క చూపించుచున్నాడు గదా” యంటిని. ఆ లెక్కలో ఈథరు వెల ఆనాటి వెలయే యేడాది పొడుగునను ఉండునని వ్రాసికొన్నాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లు, వచ్చు లాభముతో రెండవ కార్డు కొనుటకూడ ఆ కాగితములోనే యున్నది. అది నేను చూచియు చూడనైతిని.

అంతకు రెండుమాసములకు ముందు, 2021 నవంబరులో, ఈథరు వెల 4,800 డాలర్ల వరకు పోయియుండెను. 2022 జూనులో అది వేయి డాలర్లకు క్రిందికి దిగెను. మేనల్లుడు వచ్చిన నాణెములను అమ్మక, వెల పెరుగునని దాచుచు వచ్చెను. కనుమ తరువాత రెండునాళ్లకు మొదలైన యంత్రము సెప్టెంబరు 15 వరకు 240 దినములు ఆగలేదు. ఆనాడు ఆతడు అమ్మగా వచ్చినది 22,000 రూపాయలు. యంత్రమంతయు 200 వాట్ల చొప్పున త్రాగినది. అనగా దినమునకు 4.8 యూనిట్లు, మొత్తము 1,152 యూనిట్లు. యూనిటు 9 రూపాయల చొప్పున 10,400 వరకు కరెంటు బిల్లునకు పోయినది. ఆ వచ్చినదానిమీద నూటికి 30 చొప్పున పన్ను 6,600. మిగిలినది 5,000. అరువదిరెండు వేలు నాటగా పండినది ఐదువేలు! కార్డును అమ్ముదమన్న, అందరును ఒక్కమారే అమ్మకమునకు పెట్టుటచే 25,000కు కూడ అడుగువారు లేరైరి.

మా మేనల్లుడు మోసగాడు కాడు, సోమరి కాడు. నేనును ధనాశాపరుడనని యనుకొనను. మేము చేసిన తప్పొక్కటియే: గంజికి పోవుచున్నామనుకొని మైదానమునకు పోయితిమి.

ఆ పన్ను సంగతి కొంచెము వివరించెదను. రిజర్వుబ్యాంకు 2018 ఏప్రిలులో ఈ నాణెముల వ్యాపారులకు బ్యాంకులు తోడ్పడరాదని యుత్తరు విచ్చెను. దానిని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టివేసెను. కావున ఈ నాణెములు కలిగియుండుట నేరము కాదు. కాని 2022 ఏప్రిలు 1 నుండి వీని లాభముమీద నూటికి 30 చొప్పున పన్ను విధించిరి. ఆ యేడు జూలై 1 నుండి అమ్మకపు మొత్తముమీద నూటికొకటి ముందుగనే పట్టుకొనుచున్నారు. ఒకదానిలో వచ్చిన నష్టమును మఱియొకదాని లాభములో త్రోయరాదు. గని త్రవ్వుటకు పెట్టిన యంత్రముల ఖర్చు తగ్గించుకొనుటకు వీలులేదని కేంద్రప్రభుత్వము 2022లో లోకసభలో స్పష్టపరచెను. వ్యవసాయము చేసి పెట్టుబడి తీసివేయక పంటంతటిమీదను పన్ను కట్టినట్లన్నమాట.

పల్లెలో నుండువారు విద్యుత్తు విషయమున మఱి రెండు సంగతులు ముఖ్యముగా చూడవలెను. మొదటిది: తెలంగాణమున 2024 నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల యిండ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటిన నెల బిల్లు మొత్తము కట్టవలెను. నెలకు 120 యూనిట్లు వాడుకొను ఇంటిలో పైన చెప్పిన యంత్రమును రాత్రింబవళ్లు నడిపినచో 144 యూనిట్లు చేరి 264 అగును. అప్పుడు యంత్రము త్రాగిన కరెంటునకే కాదు, ఇంటిల్లిపాది దీపములకును పంకాలకును గూడ బిల్లు వచ్చును. రెండవది: వ్యవసాయపు మోటారు కనెక్షను ఉచితము గదా, బావికాడి గుడిసెలో యంత్రమును పెట్టుదమని కొందరికి తోచవచ్చును. ఒక పనికై యిచ్చిన విద్యుత్తును వేఱొక పనికి వాడుట 2003 నాటి విద్యుచ్ఛట్టము ప్రకారము దొంగతనముగా నెంచబడును. అట్టి యూహను మొలకలోనే త్రుంచుడు.

ఇక, ఈ రెండు పనులకును ఒక్క కార్డే మేలైనదిగా నుండునా యను ప్రశ్న. అవ్వయు కావలె, బువ్వయు కావలె నను సామెత యిచ్చట సరిపోవును. గని పనికి కావలసిన గుణములు వేఱు, ఆట పనికి కావలసినవి వేఱు. ఈథీరియము త్రవ్వునపుడు ముఖ్యమైనది జ్ఞాపకభాగము ఎంత పెద్దది, ఎంత వేగముగా చదువగలదు అనునదే. ఆటకు అదియు కావలెను గాని, అంతకన్న లెక్కలు కట్టు కూలీల సంఖ్యయు చురుకును ముఖ్యము. ఒక యుదాహరణము: ఆర్‌టీఎక్స్ 3060 టీఐ కన్న ఆర్‌టీఎక్స్ 3070 వెల యెక్కువ, ఆటలో వేగమును ఎక్కువ. కాని రెండింటి జ్ఞాపకభాగపు వేగము ఒక్కటియే గనుక, గనిలో రెండును ఇంచుమించు సమానముగానే త్రవ్వెను. ఆటకు పెట్టిన యదనపు సొమ్ము గనికి దండుగ. మఱొకటి: 2020 డిసెంబరులో ఈథీరియమునకు కావలసిన జ్ఞాపకము 4 జీబీలను దాటగా, 4 జీబీల కార్డులు గనికి పనికిరాకపోయినవి, ఆటలకు మాత్రము అవి యథాప్రకారముగా నడచినవి.

తయారుచేయువారును ఈ భేదము నెఱిగియే యుండిరి. ఆటగాండ్రకు కార్డులు దొరకుటలేదని 2021 ఫిబ్రవరిలో ఎన్విడియా తన ఆర్‌టీఎక్స్ 3060 కార్డునకు కళ్లెము వేసి, ఈథీరియము త్రవ్వు వేగమును సగము చేసెను. మరుసటి నెలలోనే తన సాఫ్ట్‌వేరు నొకదానిని విడుదల చేయుటలో పొరబడి ఆ కళ్లెమును తానే యూడదీసికొనెను. గనికొఱకు వేఱుగా సీఎంపీ అను పేర కార్డులను అమ్మెను. వానికి తెరను తగిలించు రంధ్రమే యుండదు! అట్టి కార్డు నెవరైన చౌకగా ఇత్తుమన్న, అది మీ పిల్లవాని ఆటకు పనికిరాదని తెలిసికొనుడు.

కావున నేను కష్టపడి నేర్చుకొన్న సూత్ర మిది: కార్డును ఎన్నుకొనునపుడు డబ్బు పుట్టునను మాటను కాగితముమీదనుండి కొట్టివేసి చూడవలెను. కొట్టివేసిన పిమ్మటను ఆ కార్డు ఆ వెలకు కావలసియున్నచో కొనవచ్చును. కొట్టివేయగానే దాని యవసరమే లేకపోయినచో అది పిల్లవానికి కావలసిన వస్తువు కాదు, పందెపు గుఱ్ఱము.

అట్లు చూచిన పిమ్మట కొనవలసివచ్చిన, ఈ క్రింది విషయములను గమనింపుడు.

మొదట పిల్లవాని తెర యెట్టిదో అడుగుడు. సామాన్యమైన తెరయైనచో మధ్యరకపు కార్డు చాలును. పెద్ద కార్డు కొనుట ఒంటెద్దు బండికి నాలుగెద్దులను కట్టుట వంటిది. జ్ఞాపకము 8 జీబీలకు తక్కువ కారాదు. 12 ఉన్నచో కొన్నేండ్లు నిశ్చింత. తరువాత వాట్లు చూడుడు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డునకు 12 జీబీల జ్ఞాపకము కలదు, 170 వాట్లు త్రాగును. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 కార్డునకు 8 జీబీలే గాని, 115 వాట్లతో సరిపెట్టుకొనును. ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6600 కార్డునకు 8 జీబీలు, 132 వాట్లు. ఒక్కొక్కదానియందు ఒక్కొక్క గుణము. కంప్యూటరు పెట్టెలో కరెంటు నందించు భాగము ఈ భారమును మోయగలదా, పెట్టెలో ఆ పొడవునకు చోటు కలదా అని కొనకముందే కొలిపించుడు. మే మాసపు టెండలో మన ప్రాంతమున నలుబది డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. గాలి యాడు గది లేనిచో ఎంత మంచి కార్డైనను వేడెక్కి మందగించును.

పాత కార్డు కొనవలెనన్న మఱింత జాగ్రత్త. మలక్‌పేటలో రైలెక్కి సికిందరాబాదులో దిగి పార్కు లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయినచో క్రొత్తవియు పాతవియు చూడవచ్చును. అచ్చట వందలకొలది కంప్యూటరు దుకాణములు కలవు. ఒక్క దుకాణముతో తృప్తిపడక నాలుగింట అడుగుడు. కొన్ననాటి బిల్లు కలదా, డబ్బామీది సంఖ్యయు కార్డుమీది సంఖ్యయు ఒక్కటియేనా, కంపెనీ హామీ యింకెన్నాళ్లున్నది, విడుడు. పంకాలను వ్రేలితో త్రిప్పి, అవి ఊగుచున్నవేమో, గరగరలాడుచున్నవేమో చూడుడు. మరల విప్పి బిగించిన గుర్తులున్నచో కారణ మడుగుడు. బరువైన ఆట నొకదానిని అరగంట నడిపించి, తెరమీద చుక్కలు, చారలు వచ్చుచున్నవేమో, వేడి యెంతవరకు పోవుచున్నదో మీ కన్నులయెదుటనే చూపింపుమనుడు. గనిలో పనిచేసిన కార్డెల్ల చెడినదే యనుట న్యాయము కాదు. నిలకడగా నడిచినది బాగుగనే యుండవచ్చును; సాధారణముగా అరిగిపోవునది పంకాలును, వేడిని లాగు లేపనమును. వానిని మార్చుకొనవచ్చును. కాని ఆ సంగతి దాచినవానియొద్ద కొనరాదు. చెప్పి తక్కువ వెలకు ఇచ్చినవానియొద్ద కొనవచ్చును. గేదెకు ఈత లెన్నియో నిజము చెప్పినవానితోనే గదా మనము బేరమాడుదుము.

ఆటలలోను ఒక భేదము గుర్తుంచుకొనవలెను. సొమ్మొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించినది. ఈ కార్డుతో పిల్ల లాడునవి సాధారణముగా అవి కావు. పరుగుపందెములు, యుద్ధములు, పురనిర్మాణములు మొదలగు బొమ్మలాటలు. హద్దులో నున్నంతవరకు అవి వినోదమే. అయినను ఆటలో ఎక్కడ సొమ్ము పెట్టుమందురో అక్కడ ఆగుమని పిల్లలకు చెప్పుడు. అట్లే, ‘కార్డు మీరు కొననక్కరలేదు, సొమ్ము మాకు పంపుడు, గని మేము త్రవ్వి నెలనెల లాభము పంపెదము’ అని ఫోనులో పలుకువారిని దగ్గరకు చేరనీయకుడు.

ఇంత చెప్పి, ఈ కార్డు వలన మేలే లేదని నేననను. కూలీల గుంపు బొమ్మలు గీయుటకే కాక, శాస్త్రపు లెక్కలకును, యంత్రములకు విద్య నేర్పుటకును పనికివచ్చుచున్నది. మీ మనుమలు, మనుమరాండ్రు చూచి నవ్వుకొను ఛోటా భీమ్ బొమ్మల కథలను 2008 నుండి నడుపుచున్న గ్రీన్ గోల్డ్ సంస్థ మన హైదరాబాదుదే. అట్టి పని నేర్వగోరు పిల్లవానికి కార్డు పనిముట్టు. వడ్రంగికి బాడిసె కొనియిచ్చునపుడు అది యింట నుండి తనంతట తానే డబ్బు తెచ్చునని యెవరును కొనియీయరు. చేతిపని నేర్చినవాడు దానితో తెచ్చుకొనును.

మా యింటి కథ అచ్చటనే ముగిసినది. ఆ సెప్టెంబరు మాసమున మేనల్లుడు వారముదినములు ఎవరితోను మాటాడలేదు. తరువాత ఒకనాడు నాయొద్దకు వచ్చి, “మామయ్యా, నీ పైసలు నేను సంపాదించి తిరిగిస్తా” అనెను. నేను “డబ్బు సంగతి తరువాత, ముందు ఆ కాగితము తెచ్చి, ఇద్దరము ఎక్కడ తప్పితిమో చూతము” అంటిని. ఆ రాత్రి ఇద్దరమును గూర్చుండి పద్దు పద్దుగా మరల వ్రాసితిమి. కరెంటు పద్దు ఆతని లెక్కలో సగమే యున్నది. పన్ను పద్దు లేనేలేదు. వెల తగ్గునను పద్దునకు చోటే లేదు. ఆ కాగితము ఇప్పటికిని మా అక్కగారి బీరువాలో నున్నది. కార్డును అమ్మలేదు. దానిమీదనే ఆతడు బొమ్మలకు కదలిక నేర్పు పని నేర్చుకొని, పెండ్లి వీడియోలు కూర్చి యిచ్చి, నాకు ఈయవలసినదానిలో నలుబది వేలు తీర్చినాడు. కార్డు నిద్రలేక తిరిగిన ఎనిమిదిమాసములలో రానిది, తాను మేలుకొని పనిచేసిన దినములలో వచ్చినది.

కావున, పెద్దలారా, మనుమడు వచ్చి అడిగినపుడు కసరికొట్టకుడు; వెంటనే మూట విప్పకుడు. ప్రక్కన గూర్చుండబెట్టుకొని కాగితము తీయించుడు. వెల యెంత, వాట్లెన్ని, యూనిటు ధర యెంత, పన్నెంత అని ఒక్కొక్క పద్దు వానిచేతనే వ్రాయింపుడు. నాణెము వెల సగమైనచో ఏమగునో మఱియొక వరుసలో వ్రాయింపుడు. ఆ గని రేపే మూతపడినచో ఏమగునో మూడవ వరుసలో వ్రాయింపుడు. పిమ్మట లాభపు పద్దును కొట్టివేయించి, “ఇప్పుడు చెప్పు నాయనా, ఇది నీకు కావలెనా?” అని అడుగుడు. వాడు ఔనని, ఎందుకో చెప్పగలిగినచో, మీ శక్తికొలది కొనియిండు. చెప్పలేకపోయినచో ఆ కాగితమే వానికి మీరిచ్చిన సంక్రాంతి కానుక యగును.

గంజికి పోవు త్రోవ గంజికే పోవును. మైదానమునకు పోవు త్రోవ మైదానమునకే పోవును. బయలుదేరకముందే ఏ త్రోవయో పిల్లలకు చూపుట పెద్దల పని.